ముద్దాయి పక్షమున నిలిచినవారు

మహాసభా సంచికకు చారిత్రక వ్యాసమొకటి వ్రాసి పంపవలసినదని మన సంఘ కార్యదర్శిగారు ఏటేట మమ్ము కోరుచుందురు. మేమును యథాశక్తి మన పూర్వుల దానధర్మములను గూర్చియో, శిలాశాసనములను గూర్చియో, అన్నసత్రములను గూర్చియో నాలుగు మాటలు వ్రాసి ఆ ఋణము తీర్చుకొనుచుంటిమి. ఈ యేడు మాత్రము వేరొక విషయమును గ్రహింపవలసి వచ్చినది. అందులకు గల కారణమును మొదట విన్నవించుట మా విధి.

గత సంవత్సరపు మహాసభలో విద్యానిధి పద్దు చర్చకు వచ్చినపుడు న్యాయశాస్త్రము చదువుచున్న యొక బీద విద్యార్థి దరఖాస్తు చదువబడినది. క్రిమినలు కేసులలో ముద్దాయిల పక్షమున వాదించు వృత్తిని అవలంబింపగోరుచున్నట్లు ఆ బాలుడు అందు వ్రాసియుండెను. అంతట పోషకులలో నొక పెద్దమనుష్యుడు లేచి, “మన సంఘపు సొమ్ముతో చదివి, రేపు హంతకులను దోపిడిగాండ్రను విడిపించువానికి మనమేల సాయపడవలెను?” అని ప్రశ్నించిరి. కొందరు చప్పట్లు కొట్టిరి. దరఖాస్తు తరువాతి సభకు వాయిదా వేయబడినది. ఆ విద్యార్థి వెనుక వరుసలో తలవంచుకొని కూర్చుండియుండెను. మేము వేదికమీదనే యుంటిమి. ఉత్తరము చెప్పగల చదువు మాకు కొంత కలదు. అయినను నోరు మెదపకుంటిమి. ఆ మౌనమునకు ప్రాయశ్చిత్తముగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పోషకులవారి ప్రశ్న తృణీకరింపదగినది కాదు. హత్య జరిగిన యింటి స్త్రీల రోదనమును విన్నవారెవ్వరికైనను ముద్దాయికొరకు వాదించువానిపై రోషము కలుగుట సహజము. కాని ఆ రోదనమునకు కారకుడు వీడేయని మనకెట్లు తెలిసినది? ఎవరో చెప్పిరి, మనము వింటిమి. చెప్పినవాని మాటను పరీక్షించు పని ఎవరిది? ఈ రెండవ ప్రశ్నకు లోకము ఉత్తరము కనుగొనుటకు వేల సంవత్సరములు పట్టినది. ఆ చరిత్రయే మా విషయము.

మన పురాణేతిహాసములతోనే ఆరంభింతము. మహాభారతము ఆదిపర్వమున మాండవ్య మహర్షి కథ కలదు. ఆ ముని మౌనవ్రతము పూని ఆశ్రమద్వారమున చెట్టు క్రింద తపము చేయుచుండెను. దొంగలు కొందరు రాజభటులు తరుముకొని రాగా తాము దోచిన సొమ్ముతో ఆ ఆశ్రమమున దాగిరి. భటులు వచ్చి దొంగలెటు పోయిరని అడుగగా ముని పలుకలేదు. వెదకి చూడగా దొంగలును సొత్తును ఆశ్రమముననే చిక్కినవి. ముని మౌనమే నేరాంగీకారముగా తోచినది. రాజు ఆతనిని కూడ కొఱుత వేయించెను. తపోబలముచే ముని ప్రాణములు పోలేదు. రాజు తన తప్పు తెలిసికొని కాళ్లపై బడినను కొఱ్ఱు ఊడిరాలేదు. దానిని మొదట నరికివేయగా శేషించిన ముక్క ఆతని దేహమున నిలిచిపోయి, ఆణిమాండవ్యుడను పేరు తెచ్చినది. పిమ్మట ఆ ముని యమధర్మరాజును నిలదీసి శపించుటయు, ధర్ముడు విదురుడై జన్మించుటయు మీరందరు ఎరిగినదే. మేము గమనింపుమని కోరునది ఒక్కటి. ఆ దినమున రాజసభలో “ఈ ముని మౌనవ్రతుడు, పలుకకుండుట నేరము నొప్పుకొనుట కాదు” అని ఒక్క మాట చెప్పగలవాడు ఒకడున్నచో ఆ కొఱుత లేకపోయెడిది. అట్టివాడు లేడు. తప్పు చేసిన రాజు దుర్మార్గుడు కాడు. విన్నదానిని నమ్మినవాడు, అంతియే.

మన ధర్మశాస్త్రములు వ్యవహారకాండను ఎంతయో సూక్ష్మముగా చర్చించినవి. సాక్షి యెట్టివాడు, పత్రము ప్రమాణమగుట యెట్లు, అప్పు, నిక్షేపము, పొలిమేర తగాదా, అన్నిటికిని నియమములు కలవు. పరునికొరకు వాదించు ప్రతినిధిని గూర్చియు చెప్పబడినది. తండ్రియు సోదరుడును పుత్రుడును కాక, నియుక్తుడును కాక, పరునికొరకు మాటలాడువాడు దండ్యుడని నారదుడు చెప్పెను. నియోగితునకు ఈయవలసిన వేతనమును శుక్రనీతి వివాదధనములో పదునారవ వంతు మొదలుగా లెక్క కట్టినది. అనగా ధనవివాదములందు నేటి వకీలు వంటివాడు మన పూర్వులకు అపరిచితుడు కాడు. కాని, ఏ సందర్భమున మనుష్యుని ప్రాణమునకే ముప్పు కలదో అచ్చట తలుపు మూయబడినది. బ్రహ్మహత్య, నరహత్య, స్తేయము, పరదారగమనము మొదలగు ఘోరాభియోగములందు ప్రతినిధి కూడదు, కర్తయే స్వయముగా ఉత్తరము చెప్పవలెనని కాత్యాయనుని మతము. నేరమెరిగినవాడు తానే కాన తానే చెప్పవలెనని ఆతని ఆశయము కావచ్చును. పొలముకొరకు పోట్లాడువానికి సాయము కలదు, మెడకొరకు పోట్లాడువానికి లేదు. మా శాస్త్రములయందు మాకు గల గౌరవము మీ రెరుగనిది కాదు; అయినను ఇచ్చట లోపము కలదని చెప్పక తప్పదు.

ఆ లోపమును శాస్త్రకారులకంటె కవి స్పష్టముగా చూచెను. శూద్రకుని మృచ్ఛకటిక నాటకము తొమ్మిదవ యంకమున చారుదత్తుడు వసంతసేనను చంపినాడను నేరముపై ధర్మాసనము ముందు నిలువబడెను. ఫిర్యాది రాజుగారి బావమరది శకారుడు; నిజమునకు ఆమె గొంతు నులిమినవాడు వాడే. సాక్ష్యము ఎట్లు కూడినదో చూడుడు. ఆమె చారుదత్తుని యింటికి పోయినదని తల్లి చెప్పినది. తోటలో ఒక స్త్రీ శవము మృగములచే చీల్చబడిన చిహ్నములు కలవని రాజభటుడు వచ్చి చెప్పెను. అంతలో చారుదత్తుని మిత్రుడు మైత్రేయుడు సభకు వచ్చి శకారునితో పెనగులాడగా వసంతసేన ఆభరణములు ఆతని చంకనుండి జారిపడినవి. చారుదత్తుడు అబద్ధమాడడు, ఆమె లేనిచో బ్రతుకు వ్యర్థమను విరక్తిచే నిజమైనను గట్టిగా చెప్పడు. న్యాయాధిపతి మంచివాడు, శకారుని దుష్టత్వము నెరిగినవాడు. అయినను సాక్ష్యము ఆతని చేతులు కట్టివేసినది. దేశమునుండి వెడలగొట్టిన చాలునని ఆతడు విన్నవింపగా పాలకరాజు కొఱుత వేయుడని ఆజ్ఞాపించెను. వధ్యస్థానమున కత్తి యెత్తిన పిదప వసంతసేన సజీవయై వచ్చినది కాన చారుదత్తుడు బ్రతికెను.

నాటకమున వసంతసేన వచ్చినది. లోకమున ప్రతి ముద్దాయికొరకును అట్లొకరు వత్తురా? ఆ సభలో చారుదత్తుని పక్షమున నేటి సెషన్సు కోర్టులో వాదించునట్టి వకీలొకడు ఉన్నచో ఏమి యడిగియుండును? తోటలోని శవము వసంతసేనదేయని గుర్తించినవారెవరు? పూలతోటలో స్త్రీ చనిపోయియున్నదని శకారునకు అందరికంటె ముందు తెలిసిన దెట్లు? ఆభరణములకొరకే చంపినవాడు వానిని మిత్రుని చంకనుంచి ధర్మసభకే పంపునా? ఆమె ఎవరి బండిలో తోటకు పోయినది, ఆ బండివాడెచ్చట? ఈ నాలుగు ప్రశ్నలకును నిలువగల సాక్ష్యము శకారుని యొద్ద లేదు. ఘోరమైన కేసులలో ముద్దాయి వకీలు చేయు పని ఇదియే. ఆతడు నేరమును సమర్థింపడు, నిరూపణమును పరీక్షించును. కంసాలి బంగారమును గీటురాతిపై గీచి చూచుట బంగారముపై ద్వేషముచే కాదుగదా!

ఈ విషయమున పాశ్చాత్యులు మనకంటె ముందుండిరని యెవరైన తలంచిన అది పొరబాటు. ఇంగ్లండులో రాజద్రోహాభియోగమునకు లోనైనవారికి వకీలు సాయము 1696వ సంవత్సరపు చట్టముచే లభించినది. హత్య, దొంగతనము మొదలగు ఇతర మహానేరములందు ముద్దాయి వకీలు జూరీని సంబోధించి పూర్ణముగా వాదించు హక్కు 1836లో గాని రాలేదు. అంతకు ముందు సాక్షులను ప్రశ్నించుట మాత్రము న్యాయమూర్తుల దయచే కొంతవరకు సాగుచుండెను. అప్పుకొరకు వచ్చిన దావాలో వకీలుండుటయు, ఉరికంబము నీడలో నిలిచినవానికి లేకుండుటయు అచ్చటను చూచితిమి. కాత్యాయనుని వాక్యమునకును ఆంగ్లేయుల పాత పద్ధతికిని ఎంత సామ్యము!

మన దేశమున 1898వ సంవత్సరపు క్రిమినలు ప్రొసీజరు కోడు 340వ సెక్షను ముద్దాయి వకీలుచే వాదింపించుకొనవచ్చునని విధించినది. హక్కు కాగితముపై నుండుట వేరు, నిలిచి వాదించు మనుష్యుడుండుట వేరు. అట్టి మనుష్యులలో అగ్రగణ్యుడు చిత్తరంజన దాసు. 1908 ఏప్రిలు 30వ తేదీన ముజఫరుపురములో బాంబు పేలి ఇద్దరు ఆంగ్ల స్త్రీలు మరణించిరి. పిమ్మట మే 2వ తేదీన కలకత్తాలో అరవింద ఘోషు, ఆతని తమ్ముడు వారీంద్రుడు మున్నగువారు పట్టుబడి ఆలీపురము సెషన్సు కోర్టున విచారింపబడిరి. సర్కారు పక్షమున వాదించినవాడు మదరాసు బారులో సుప్రసిద్ధుడైన ఎర్డ్లీ నార్టను. సాక్షులు రెండువందలకు పైబడిరి. అరవిందుని రక్షణకై కూడిన చందాధనము హరించిపోగా, దాసుగారు తన యితర వ్యాపకములను కట్టిపెట్టి, అప్పులపాలయ్యును, నెలల తరబడి ఆ కేసును నడపిరి.

ఆ కేసులో ఒక యుత్తరము ముఖ్యమైన సాక్ష్యము. దేశమంతట మిఠాయిలు పంచవలసిన కాలము వచ్చినదని వారీంద్రుడు అన్నకు వ్రాసినట్లుగా అది అరవిందుని యింట దొరికినదని పోలీసువారనిరి. మిఠాయిలనగా బాంబులని వారి యర్థము. దాసుగారు దానిని చేతబట్టి అడిగినదేమి? వంగదేశపు తమ్ముడు అన్నకు వ్రాయునపుడు ఇంగ్లీషువారి మర్యాదలో “ప్రియ సోదరా” యని సంబోధించునా? ఇంటిపేరుతో కూడ తన పూర్తి పేరును చివర సంతకము చేయునా? అన్నదమ్ములిద్దరును ఒకే యూర నున్న దినములలో ఉత్తరమేల? మన యిండ్లలో తమ్ముడు అన్నగారికి ఎట్లు వ్రాయునో తెలిసినవారికి ఈ ప్రశ్నల బలము తెలియును. జడ్జి బీచ్‌క్రాఫ్టు ఆ యుత్తరమును నమ్మలేదు. 1909 మే 6వ తేదీన అరవిందుడు విడుదలయ్యెను. వారీంద్రునకును ఉల్లాసకర దత్తునకును మరణశిక్ష విధింపబడి, హైకోర్టు అప్పీలులో ద్వీపాంతరవాసముగా మార్చబడినది. వకీలు వాదించెనని అందరును విడుదల కాలేదు సుమా! చేటలో పోసి చెరిగినపుడు గింజ నిలుచును, తాలు ఎగిరిపోవును. చెరుగువాడు లేనిచో రెండును ఒకే కుప్ప.

మన యాంధ్రులలోను ఇట్టి ధైర్యవంతులు లేకపోలేదు. 1911 జూను 17వ తేదీన తిరునెల్వేలి కలెక్టరు ఆష్ దొర మణియాచ్చి రైలుస్టేషనులో కాల్చి చంపబడెను. కుట్ర కేసు మదరాసు హైకోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల ముందు విచారణకు వచ్చినపుడు ముద్దాయిల పక్షమున వాదించిన న్యాయవాదులలో మన టంగుటూరి ప్రకాశము పంతులుగారు ఒకరు. రాజమహేంద్రవరమున ప్లీడరుగా నుండి, సీమకు పోయి బారిష్టరై 1907లో తిరిగి వచ్చి మదరాసున నిలద్రొక్కుకొనుచున్న దినములవి. కలెక్టరును చంపిన కేసులో ముద్దాయి పక్షము వహించుట ఆ కాలమున సులభమైన పని కాదు. తరువాత 1953లో ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియైన ఆ మహనీయుని మనము ఆంధ్రకేసరి యని కొనియాడుచున్నాము. ఆయన పటమునకు పూలదండ వేసిన చేతులతోనే ఆయన చేసిన పనిని చేయగోరు బాలుని తోసివేయుట తగునా?

ఓడిపోయిన కేసు నొకదానిని కూడ చెప్పెదము. గెలుపులే చెప్పుట చరిత్ర కాదు. 1937 మార్చిలో పూరీ రైలుస్టేషనున మూడవ తరగతి పెట్టెలో నొక యినుప ట్రంకు దొరికినది. అందు ముక్కలు చేయబడిన శవము. చనిపోయినవాడు పిఠాపురము దివానుగారి కొలువున బంట్రోతుగా నుండినవాడు. బరంపురమున నివసించుచున్న పాకాల నారాయణస్వామి యను నాతనికి మరణశిక్ష పడినది. పాట్నా హైకోర్టు దానిని స్థిరపరచినది. కేసు లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయినది. విచారణకాలమున పోలీసువారితో ముద్దాయి యన్న మాటలు ఆతనిపై సాక్ష్యముగా పనికిరావని ఆతని పక్షము వాదింపగా, 1939లో లార్డు అట్కిను ఆ వాదమును అంగీకరించెను. కాని తక్కిన సాక్ష్యమే చాలునని అప్పీలు కొట్టివేయబడినది. ఆ ముద్దాయికి ఆ వాదము వలన ఫలమేమియు కలుగలేదు. అయితే ఆ తీర్పు నాటినుండి దేశమందలి న్యాయస్థానములన్నిట ఉదాహరింపబడుచు, ఠాణాలో బెదిరి ఏదో పలికిన ఎందరికో కవచమైనది. ఎవరికొరకు వాదింపబడినదను విషయము కాలగర్భమున కలిసినది. వాదింపబడిన ధర్మము నిలిచినది.

ఇక మన తెలంగాణపు సంగతి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసిన పిమ్మట, అచ్చటి సాయుధపోరాటమునకు సంబంధించిన హత్యాభియోగములను విచారించుటకు ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఏర్పడినవి. 1949లో వానిచే పండ్రెండుగురికి మరణశిక్ష విధింపబడినది; ఆ యేటి డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు అప్పీళ్లను త్రోసివేసినది. ఆ పోరాటముయొక్క గుణదోషవిచారము మా పని కాదు. మన సంఘమునందే దానిని గూర్చి రెండు మతములవారు కలరు. ముద్దాయిల ప్రధానాక్షేపణలలో నొకటి, తమకు వకీలును నియమించుకొను సరియైన యవకాశము ఈయబడలేదని. రాజ్యాంగము 1950 జనవరి 26న అమలులోనికి వచ్చినది. వారి తీర్పులు అంతకు ముందటివి. కావున క్రొత్త రాజ్యాంగము క్రింద అప్పీలు కుదరదని సుప్రీముకోర్టు నిర్ణయించినది. పిమ్మట వేసిన పిటీషనులపై ఇంగ్లండునుండి వచ్చిన బారిష్టరు డి. ఎన్. ప్రిట్ వాదించిరి. వకీలు లేనంతమాత్రమున విచారణ యంతయు చెల్లకపోదని 1951లో న్యాయస్థానము పిటీషనులను కొట్టివేసినది. వాదము ఓడినది. కాని ఆ వ్యాజ్యములు నడచిన కాలములో ఉరికంబము ఆగినది; తుదకు వారి శిక్షలు యావజ్జీవముగా మార్చబడినవి. పండ్రెండుగురును ప్రాణములతో మిగిలిరి.

1951లో ఓడిన ఆ వాదము చావలేదు. స్వాతంత్ర్యభారత రాజ్యాంగము 22వ అధికరణమున, పట్టుబడినవాడు తనకిష్టమైన న్యాయవాదిని సంప్రదించు హక్కును ముందే నెలకొల్పియుండెను; కాని వకీలునకు రుసుము చెల్లింపలేని నిరుపేద గతియేమి? 1973వ సంవత్సరపు కోడు 304వ సెక్షను సెషన్సు విచారణలలో అట్టివానికి సర్కారు ఖర్చుపై వకీలును నియమింపవలెనని శాసించినది. 1976లో 39ఎ అధికరణము చేర్చబడినది. 1979లో బీహారు చెరసాలలలో విచారణలేకయే ఏండ్లతరబడి మ్రగ్గుచున్న ఖైదీల హుసేనారా ఖాతూను కేసులో, ఉచిత న్యాయసహాయము జీవితహక్కులో నంతర్భాగమని సుప్రీముకోర్టు ప్రకటించినది. 1986లో సుక్‌దాసు కేసున, ముద్దాయి అడుగకపోయినను న్యాయాధికారియే ఆ హక్కును తెలుపవలెననియు, తెలుపక వకీలులేకుండ నడపిన విచారణపై విధించిన శిక్ష నిలువదనియు తీర్పు వచ్చినది. ముప్పదియైదు సంవత్సరములకు తెలంగాణ ఖైదీల పక్షమున వాదింపబడినదే గెలిచినట్లయ్యెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త సంహితలో ఈ హక్కులు 340, 341 సెక్షనులుగా నున్నవి. 1898 నాటి అంకెయే తిరిగి వచ్చుట కాకతాళీయము.

అయినను జనుల మనస్సు చట్టమంత త్వరగా మారదు. 2008 నవంబరు 26న ముంబయిలో జరిగిన ఘోరము ఎవరు మరచిరి? సజీవముగా పట్టుబడిన కసబునకు వకీలుగా నిలుచుటకు పలువురు నిరాకరించిరి. తుదకు కోర్టు న్యాయవాదులను నియమించి పూర్ణముగా విచారణ నడపినది. 2012లో ఆతనికి ఉరి అమలు జరిగినది. ఆ కేసులోనే మరి యిద్దరు మనదేశస్థులు ముద్దాయిలుగా నుండిరి. వారిలో నొకడు వ్రాసి యిచ్చినట్లు చెప్పబడిన పటము, చనిపోయిన దుండగుని జేబులో దొరికినదని అభియోగము. ఆతని పక్షపు న్యాయవాది షాహిదు ఆజ్మీ. ఆ దుస్తులు రక్తముతో తడిసియుండగా జేబులోని కాగితముపై నెత్తురు మరకయైనను లేకుండుట ఎట్లని ప్రతిపక్షపు ప్రశ్న. 2010 ఫిబ్రవరి 11న ఆజ్మీ తన కార్యాలయముననే తుపాకిగుండ్లకు బలియయ్యెను. ఆ యేటి మే 3వ తేదీన ఆ యిద్దరును ఆ కేసులో నిర్దోషులుగా నిర్ణయింపబడిరి. హైకోర్టును సుప్రీముకోర్టును ఆ తీర్పును స్థిరపరచినవి. వకీలు లేనిచో, నూట అరువదిమందికి పైగా జనులు చనిపోయిన ఆ యాగ్రహజ్వాలలో ఆ యిరువురికి కొఱుత తప్పియుండునా? ఫలానివాని పక్షమున ఎవ్వరును వాదింపరాదని వకీళ్ల సంఘములు తీర్మానించుట చెల్లదని సుప్రీముకోర్టు 2010 డిసెంబరులో తమిళనాటి కేసులో తీర్పు చెప్పినది. ముద్దాయి దోషియను స్వాభిప్రాయముతో నిమిత్తములేక ఆతని పక్షము వహింపవలెనని బారు కౌన్సిలు నియమములును చెప్పుచున్నవి. దోషిత్వనిర్ణయము న్యాయాధిపతి పని. వకీలు తానే తీర్పరియై వెనుదీయరాదు.

ఇక నిత్యజీవితమున ఈ వృత్తి యెట్టిదో కొంచెము చెప్పవలెను. మా పూర్వశిష్యులలో నొకరు సెషన్సు కోర్టున ఇట్టి కేసులు నడపుచున్నారు. వారి గదిలో కూర్చుండి మేము కన్నులార చూచినదే చెప్పుచున్నాము. సినీమాలలోవలె బల్ల గుద్ది అరచుట అచ్చట లేదు. కాగితములపై వంగి దినములకొలది చదువుట కలదు. మొదటి ఫిర్యాదు ఏ గంటకు వ్రాయబడినది, మేజిస్ట్రేటునకు ఏ గంటకు చేరినది? మధ్యకాలమున పేర్లు చేర్చుట కవకాశము కలదా? శవపంచాయతీ కాగితములో ముద్దాయి పేరున్నదా? సాక్షి పోలీసువారికి చెప్పినదానికిని కోర్టులో చెప్పినదానికిని పొత్తు కుదరుచున్నదా? చీకటిరాత్రి ఎంత దూరమునుండి చూచితినని చెప్పుచున్నాడు, దీపమున్నదా? కత్తి దొరికినదని సంతకము పెట్టిన మధ్యవర్తులు నిజముగా ఆ చోటికి పోయిరా, ఠాణాలోనే సంతకము చేసిరా? వైద్యుడు చూచిన గాయము ఆ యాయుధముచే కలుగునదేనా? ఇట్టి ప్రశ్నలు నూరు వేసినచో తొంబది వృథా కావచ్చును. మిగిలిన పదింటిలో ఒక మనుష్యుని ప్రాణముండును.

అబద్ధపు సాక్షులను తయారుచేయువారు, ఫిర్యాదులను బెదిరించువారు ఈ వృత్తిలో లేరా యని యడుగుదురు. ఉన్నారు. వైద్యులలో కపటులు లేరా? మా యుపాధ్యాయులలో లేరా? వారిని దండించుటకు నియమములు కలవు, దండింపవలసినదే. దొంగవైద్యుడున్నాడని వైద్యవిద్యకు వేతనము మానుదుమా? మరియొక మాట. వకీలు గట్టిగా పరీక్షించిన తరువాత పడిన శిక్షయే అప్పీలులో నిలుచును. కాన హతుని కుటుంబమునకు నిజమైన న్యాయము కలుగవలెనన్నను ముద్దాయి వకీలు ఉండవలసినదే. తప్పుడు మనుష్యుని ఉరితీసిన నాడు నిజమైన హంతకుడు మన వీధిలోనే తిరుగుచుండునని మరువరాదు.

చివరకు మా దోషమొకటి చెప్పుకొని ముగింతుము. ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన క్రొత్తలో మా తరగతిలో పరీక్షరుసుముకై వసూలు చేసిన సొమ్ము కనబడకపోయినది. ముందు వరుసలో నొక పేద బాలుడు కూర్చుండెడివాడు. నాటి ఉదయము వాడొక్కడే మా బల్లయొద్దకు వచ్చియుండెను. తీసితివాయని గర్జించితిమి. వాడు పలుకలేదు. రెండవమారు అడిగితిమి, కన్నీరు వచ్చినది గాని మాట రాలేదు. మౌనము నేరాంగీకారమని తలంచి, తరగతి యంతయు చూచుచుండగా బెత్తము విరుగునట్లు కొట్టితిమి. మరునాటినుండి వాడు బడికి రాలేదు. నెల దాటిన తరువాత బల్ల సొరుగు బిగిసిపోగా వడ్రంగిచే తీయించితిమి. ఆ కాగితపు పొట్లము సొరుగు వెనుక ఇరుకుకొని యుండెను. వాని యింటికి పరుగెత్తితిమి. ఆ కుటుంబము కూలిపనికై ఊరు విడిచి పోయినదని పొరుగువారు చెప్పిరి. వాడెచ్చట నున్నాడో నేటికిని తెలియదు. ఆ తరగతిలో నలువదిమంది పిల్లలుండిరి. “అయ్యా, సొరుగు వెదకితిరా?” అని యడుగగలవాడు ఒక్కడు లేకపోయెను, ఉండుటకు మేము వారికి నేర్పలేదు. మాండవ్యుని కథను ఏటేట పాఠము చెప్పిన నోరే ఇది.

మహాశయులారా! పోషకులారా! మాయందు ప్రేమతో ఇంతదూరము చదివిన మీకు ఒక విన్నపము. ఈ మహాసభలో వాయిదాపడిన దరఖాస్తు మరల చదువబడును. ఆ విద్యార్థికి వేతనము మంజూరు చేయుడు. అటు పిమ్మట ప్రతి సంవత్సరము న్యాయశాస్త్రము చదువు బీదపిల్లలలో ఒకరికి, బాలురైనను బాలికలైనను, ఒక వేతనము కేటాయింపుడు. అందుకు మా పింఛనునుండి మా శక్తికొలది మేమును ఈయగలము. మన కుటుంబములలో ఎవరిపైనైన అభియోగము వచ్చినచో తీర్పు రాకముందే వారింటి శుభకార్యములకు పోక వెలివేయు నలవాటును మానుకొందము. అట్టివారి పక్షమున నిలిచిన వకీలును వేలెత్తి చూపకుందము. గతసభలో ప్రశ్నించిన పెద్దమనుష్యునిపై మాకు కోపము లేదు. వారు అడిగిరి, మేము చెప్పవలసినవారమై యుండియు చెప్పకుంటిమి. దోషము మాదే యెక్కువ.

నేడు మీ ముందు నిలువనున్న ఆ బాలుడు మాటకారి కాడు. వెనుక వరుసలోనే కూర్చుండును. ఆతని పక్షమున ఈ ముసలి పంతులు వాదించిన మొదటి కేసు ఇది. తీర్పు మీది.

సర్వే జనాః సుఖినో భవంతు.